నా జేబులో ఎర్ర గోలీలు

"నాకైతే ఇయ్యలేదు." ఇంతే మాట. నోట్లోంచి ఊడిపడడానికి క్షణం పట్టలేదు. ఇరవై ఏళ్లు దాటినా దాన్ని దించుకోవడం మాత్రం నా వల్ల కావడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. మా ఆయన దగ్గర ఒకసారి మొదలుపెట్టాను కూడా. ఆయన పేపర్ మడిచి, చెప్పు అన్నట్టు నా వైపు తిరిగాడు. నేను రేపటికి ఏం కూర వండాలని అడిగి వంటింట్లోకి వెళ్లిపోయాను. చెప్పడానికి ధైర్యం కావాలంటారు. నాకు ధైర్యం తక్కువని మా కాలేజీలో ఎవరితోనైనా అని చూడండి, నవ్వుతారు.

నేను సంగారెడ్డి దగ్గర ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పీడీని. అంటే ఆటలు నేర్పే మేడంని. మెడలో విజిల్, నెత్తిన టోపీ. విజిల్ అవసరం లేనంత గొంతు. అబ్బాయిలు గోడ మీద కూర్చుని పిల్లల్ని చూస్తుంటే నా ఒక్క కేకకు అవతలికి దూకుతారు. ఆలస్యంగా వచ్చిన పిల్లను గ్రౌండ్ చుట్టూ తిప్పుతాను. అబద్ధం చెప్పిన పిల్లనైతే ఇంకా ఎక్కువ తిప్పుతాను. అబద్ధమంటే నాకు పడదని పిల్లలందరికీ తెలుసు. ఇది రాస్తుంటే నా మీద నాకే నవ్వొస్తోంది, మంచి నవ్వు కాదు.

నా గురించి ఇంకో మంచి పేరు కూడా ఉంది. దాని సంగతే ముందు చెప్పాలి.

ఏటా ఆటల సీజన్ మొదలుకాకముందే మా పిల్లలందరికీ రక్త పరీక్ష చేయిస్తాను. పరిగెత్తే పిల్లలు, కబడ్డీ పిల్లలు, ఖోఖో పిల్లలు, ఎవరినీ వదలను. మామూలుగా చేసే పరీక్ష ఒక్కటి చాలదని డాక్టర్ల వెంటపడి, ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతుందో చూసేది కూడా చేయిస్తాను. కుండలో అన్నం కనిపిస్తుంది, బస్తాలో బియ్యం అయిపోయి ఉంటాయి. మామూలు పరీక్ష కుండనే చూస్తుంది. పిల్ల బాగానే ఉన్నట్టు ఉంటుంది, చివరి రౌండులో మాత్రం కాళ్లు ఈడుస్తుంది. బద్ధకం అనుకుంటాం. తిడతాం. ఆడపిల్లకు నెలనెలా పోయే రక్తం ఒకవైపు, ఎండలో చేసే కష్టం ఇంకోవైపు. తినేదేమో అన్నం, చారు, పొద్దున ఒక చాయ్.

పరీక్షలయ్యాక తల్లుల్ని పిలుస్తాను. ఇది నేను పెట్టిన పద్ధతి. ఇనుము గోలీలు, అదే మాత్రలు, పిల్లల చేతికిచ్చి పంపించను. తల్లి రావాలి. కంపెనీలో డ్యూటీ ఉంటే, డ్యూటీ దిగినాక రావాలి. వరండాలో అందరినీ కూర్చోబెట్టి, గోలీల షీటు పైకెత్తి చూపించి, ఇవి రక్తం పట్టడానికి ఇచ్చే గోలీలు, ఇంకెందుకూ కాదు అని గట్టిగా చెబుతాను. దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడొద్దు అని కూడా చెబుతాను. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుందనీ చెబుతాను. చివర్లో నేనే ఒక గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగుతాను. "నాకు గూడ తక్కువనే ఉంది, నేను గూడ మింగుతున్న" అంటాను. తల్లులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. వాళ్ల భయం కొంత పోతుంది.

ప్రిన్సిపల్ గారు ఏ మీటింగ్ జరిగినా ఈ ముచ్చట ఎత్తుతారు. పిల్లల కోసం ప్రాణం పెట్టే మనిషి అంటారు. చప్పట్లు కొడతారు. నాకు చెవులు మండిపోతుంటాయి. నేనెందుకు ఇంత చేస్తున్నానో వాళ్లకు తెలిస్తే ఏం చేస్తారు?

ఇక ఆ సంగతికి వస్తాను. వస్తానని చెప్పి చాలాసేపు చుట్టూ తిరిగాను.

మాది చిట్కుల్. మాకు భూమి ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి సగం వెంచర్ వాళ్లకు అమ్మేశారు. మా నాన్న కంపెనీలో షిఫ్టు డ్యూటీకి పోయేవాడు. నెత్తిన హెల్మెట్, చేతిలో టిఫిన్ డబ్బా. అయినా ఇంట్లో పటేల్ ఇల్లన్న బింకం ఏమాత్రం తగ్గలేదు. మా నానమ్మ గడపలో కూర్చుంటే ఇంకా వందెకరాలు ఉన్నట్టే మాట్లాడేది.

నా దోస్తు పేరు సరిత అనుకోండి. అసలు పేరు రాయలేను. వాళ్లమ్మ ఒకప్పుడు మా పొలంలో కలుపు తీయడానికి వచ్చేది. పొలం పోయాక మందుల కంపెనీలో ప్యాకింగుకు చేరింది. నేనూ సరితా ఒకే కాలేజీ, ఒకే బస్సు. ఇద్దరం పరిగెత్తేవాళ్లం. మా పొలం అమ్మిన చోట వెంచర్ వాళ్లు మట్టి రోడ్లు వేసి, ప్లాట్లకు తెల్ల రాళ్లు పాతి పోయారు. ఇళ్లు లేవు, మనుషులు లేరు. పొద్దున్నే అక్కడ పరిగెత్తేవాళ్లం. గాలి అటు నుంచి వీస్తే కంపెనీల వాసన గొంతులో పట్టుకునేది. సరిత నవ్వుతూ, ఈ వాసన దాటాలంటే ఇంకా జల్దీ ఉరకాలె అనేది. దాటేది కూడా. నేను వెనకే ఉండేదాన్ని. ఎప్పుడూ కొంచెం వెనకే.

ఇద్దరికీ ఒక పిచ్చి అలవాటు ఉండేది. దాని జేబులో ఎప్పుడూ పిడికెడు బియ్యం. వట్టి బియ్యం బుక్కేది. నేను బలపాలు తినేదాన్ని. డిగ్రీ చదివే పిల్ల బలపాలు తింటే సిగ్గు కదా, బస్సులో కిటికీ వైపు తిరిగి కొరికేదాన్ని. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇలాంటి వాటి మీదికి నోరు పోతుందని మాకు ఎవరు చెప్పారు?

ఆ ఏడు యూనివర్సిటీ పోటీలకు మా పీడీ మేడం రిలే టీం తయారుచేసింది. నలుగురు. చివరి రౌండు సరితది. నేను అయిదోదాన్ని. ఎవరికైనా కాలు బెణికితే దిగే పిల్లను. మేడం ఆ మాట నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లి అన్నం తినలేదు.

అప్పుడే ఒక లేడీ డాక్టర్ వచ్చి ఆటలాడే ఆడపిల్లలందరికీ రక్తం తీసి పరీక్ష చేసింది. మా కాలేజీలో అదే మొదటిసారి. కొన్నాళ్లకు మేడం మమ్మల్ని ఒక్కొక్కరినీ వేరుగా పిలిచి ఎవరి సంగతి వాళ్లకు చెప్పింది. సరితకు ఇనుము తక్కువ. నాకూ తక్కువే. ఇద్దరికీ అవే గోలీలు. పెద్దవి, ఎర్రవి.

సరిత బయటికి రాగానే చెప్పేసింది, నాకు తక్కువుందంట అని. నన్నడిగింది. నాకు బాగానే ఉందంట అన్నాను. అది మొదటి అబద్ధం. ఎందుకన్నానో అప్పుడే తెలుసు. పాడి ఉన్న ఇల్లు మాది. రక్తం లేకపోవడం తిండి లేనివాళ్ల ఇంటి సంగతని మా ఇంట్లో అనుకునేవాళ్లం. సరితకు తక్కువంటే అర్థముంది, నాకెలా తక్కువవుతుంది? పటేల్ బింకమని మా నానమ్మను ఇందాక వెక్కిరించాను. అది నాలోనే ఎక్కువగా ఉండేదేమో.

నా గోలీలు ట్రాక్ ప్యాంటు జేబులో దాచుకుని, వేసుకుంటే వేసుకునేదాన్ని, లేకపోతే లేదు. సరిత మాత్రం భక్తిగా వేసుకునేది. తిన్నాక వేసుకోమని డాక్టర్ చెప్పింది. కానీ అది పొద్దున పరిగెత్తే ముందు పరగడుపున వేసుకునేది. మర్చిపోతానని భయం. వెంటనే కక్కేది. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రాక్టీసు ఎక్కువై, తిండి చాలక, దానికి కొన్ని నెలలుగా బయట చేరడం ఆగిపోయింది. పరేషాన్ పోయిందే అని నాతో సంబరంగా చెప్పింది. దాని ఒంటి సంగతులన్నీ నాకు తెలుసు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను తెలియక అన్న మాట కాదు.

ఒక ఆదివారం వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కంపెనీ వాళ్లిచ్చిన నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. నేను వాకిట్లో బూట్లు ఉతుకుతున్నాను. నానమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమె నానమ్మకు దండం పెట్టి, నన్ను బర్రెల కొట్టం వైపు పిలిచింది.

"జెర గిట్ల రా బిడ్డా."

వెళ్లాను. కొంగు ముడి విప్పి గోలీల షీటు తీసింది. సగం గోలీలు అయిపోయి ఉన్నాయి.

"గివి దేనికిస్తరు బిడ్డా? నువ్వు సదువుకున్నదానివి. సూసి చెప్పు."

షీటు చేతిలోకి తీసుకున్నాను. చదువుతున్నట్టు పట్టుకున్నాను. "సరిత ఏమన్నది?" అని అడిగాను.

"రక్తం తక్కువున్నదని కాలేజీల ఇచ్చిన్రంటది. గట్ల ఉరికే పోరికి రక్తమెట్ల తక్కువైతది? అది నా కడుపుల పడ్డప్పుడు నాకు గివే ఇచ్చిన్రు. గిదే రంగు. నేను మర్సిపోతనా?" గొంతు తగ్గించింది. "పొద్దుగాల లేస్తె కక్కుతున్నది. వట్టి బియ్యం బుక్కుతున్నది. నెల గూడ తప్పింది బిడ్డా. మూన్నెల్లాయె. నాకేం సమజైతలేదు. వాళ్ల నాయినకు తెలిస్తె సంపుతడు."

నేను షీటును అటూ ఇటూ తిప్పాను.

"నీకు గూడ పరీక్ష చేసిన్రు గద. నీకు గూడ గివే ఇచ్చిన్రా? ఇచ్చిన్రంటె చెప్పు. నీకిచ్చిన్రంటె నా బిడ్డ చెప్పేది నిజమే అనుకుంట. ఇగ ఎవ్వల్నడగ."

నా చేయి జేబు మీద ఉంది. లోపల షీటు అంచు వేలికి తగులుతోంది. అదే షీటు, అవే గోలీలు. తీసి చూపిస్తే అయిపోయేది.

గడపలోంచి నానమ్మ అరిచింది, "ఏందంటనే? ఏమడుగుతున్నది?"

"నాకైతే ఇయ్యలేదు పెద్దమ్మా" అన్నాను.

"మరి దానికెందుకిచ్చిన్రు?"

"నాకు తెల్వదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. షీటు తీసుకుని మళ్లీ కొంగున ముడేసుకుంది. ముడి పడడానికి చాలాసేపు పట్టింది. "సరే బిడ్డా. నేనచ్చి అడిగినట్టు దానికి చెప్పకు. బయట గూడ ఎవ్వలకు చెప్పకు. నీ కాల్మొక్త" అంది. వంగబోయింది కూడా. నేను వెనక్కి జరిగాను. కూతురు వయసు పిల్లను నేను. నా కాళ్లు మొక్కుతానంది.

ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాను. భయపడ్డానని చెప్పుకున్నాను చాలాకాలం. నానమ్మ వింటోంది. ఆ గోలీలు కడుపుతో ఉన్నవాళ్లకిచ్చేవని సరిత వాళ్లమ్మ నోటి వెంట అప్పుడే వచ్చింది. నాకు కూడా ఇచ్చారంటే ఆ అనుమానం నా మీదికి కూడా తిరుగుతుంది. మా ఇంట్లో అది మామూలు సంగతి కాదు. పద్దెనిమిదేళ్ల పిల్ల భయపడదా? భయపడుతుంది. ఇది అబద్ధం కాదు. కానీ మొత్తం నిజం కూడా కాదు. "ఇచ్చిన్రా?" అని ఆమె అడిగినప్పుడు, నానమ్మ అరవకముందే, నా మనసులోకి ఇంకో మాట వచ్చింది. సరిత రాకపోతే ఆ చోటు నాదే. ఆ మాట ముందు వచ్చింది. భయం దాని వెనక వచ్చింది. వరుస నాకు బాగా గుర్తుంది. నేను ఎంత కాలం దాన్ని తారుమారు చేసి చెప్పుకున్నా, అది అలాగే ఉంది.

మర్నాడు సరిత బస్సు దగ్గరికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. వాళ్లమ్మ దాన్ని పటాన్‌చెరులో ఒక నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయి పరీక్ష చేయించింది. ఏమీ లేదని తేలింది. తేలితే ఏం? తీసుకుపోయిందన్న మాట వాళ్లెక్కిన ఆటో కంటే ముందే ఊళ్లోకి వచ్చింది. ఏమీ లేకపోతే ఎందుకు తీసుకుపోయినట్టు అన్నారు. ఉంటే తీయించారేమో అన్నారు. వాళ్ల నాన్న చేయి చేసుకున్నాడని విన్నాను. నిక్కరేసుకుని ఉరికింది చాలు, ఇక కాలేజీ వద్దన్నాడు. గోలీలు మోరీలో పారేశారు.

నేను ఒక్కసారి సరిత వాళ్లింటికి వెళ్లి నా జేబులోవి చూపించి ఉంటే సరిపోయేది. ఏమీ లేదని నర్సమ్మ చెప్పాక కూడా ఆలస్యం కాలేదు. కనీసం మా పీడీ మేడంకి చెప్పి ఉంటే ఆమె స్కూటరేసుకుని వచ్చి ఊరందరి ముందు చెప్పేది, ఆ రకం మనిషి. మేడం అడిగింది కూడా. సరిత ఎందుకొస్తలేదు, ఇంటికి వెళ్లి మాట్లాడనా అని. ఇంట్లో పని మేడం, వాళ్లమ్మకు బాగలేదు, మీరు పోతే వాళ్లు ఇంకా కోపం చేస్తారు అన్నాను. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకోదాన్ని నిలబెట్టాను. ఆ పని నాకు అంత సులువుగా ఎలా వచ్చిందో అని ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది.

టీంలో ఉన్న నలుగురికే కాలేజీ వాళ్లు ముళ్ల బూట్లు ఇచ్చారు. సరితవి తిరిగి వచ్చాయి. మేడం వాటిని నా చేతిలో పెట్టింది. నాకు కొంచెం వదులు. ముందు భాగంలో దూది కుక్కుకుని పరిగెత్తాను. మాకు మూడో స్థానం వచ్చింది. సరిత ఉంటే మొదటిది వచ్చేదని మిగతా ముగ్గురూ నా ముందే అన్నారు, పాపం వాళ్లకు దాపరికం లేదు. అయినా సర్టిఫికెట్ వచ్చింది. దాని మీద ఆటల కోటాలో పీడీ కోర్సులో సీటు వచ్చింది. దాని మీద ఉద్యోగం. ఈ విజిల్, ఈ టోపీ, ఈ గొంతు. నేను నిలబడ్డ చోటు ఎవరిదో నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

సరిత వాళ్లమ్మతో పాటు ప్యాకింగులో చేరింది. పెళ్లయింది. మొదటి కాన్పులో రక్తం బాగా పోయి చావు దాకా వెళ్లి వచ్చింది. ఒంట్లో ముందు నుంచే రక్తం లేదని, ఇన్నాళ్లు ఎవరూ చూడలేదా అని డాక్టర్లు కోప్పడ్డారట. నేను ఖర్జూరాలు పట్టుకుని చూడ్డానికి వెళ్లాను. అది నిద్రపోతోంది. ముఖం పాలిపోయి ఉంది. పక్కన ఉయ్యాల్లో ఆడపిల్ల. వాళ్లమ్మ నన్ను వరండాలోకి తీసుకుపోయి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అప్పుడు గా ముచ్చట ఎవ్వలకు చెప్పలె నువ్వు. మా ఇజ్జత్ కాపాడినవ్ బిడ్డా" అంది.

అప్పుడు చెప్పాల్సింది. అప్పుడు కూడా చెప్పలేదు. ఆమె కృతజ్ఞతను కూడా తీసుకుని ఇంటికి వచ్చాను. ఆమె మొన్నామధ్య చనిపోయింది. దినానికి వెళ్లి అన్నం తిని వచ్చాను.

ఇప్పుడు మీరడగొచ్చు, ఇన్నేళ్లు ఊరుకుని ఇవాళెందుకు రాస్తున్నావని. చెబుతాను. అసలు ఇందుకోసమే కూర్చున్నాను.

ఈ ఏడాది మా కాలేజీలో ఒక పిల్ల చేరింది. నవ్య అందాం. మొదటి రోజు గ్రౌండులో పరిగెడుతుంటే నా నోట్లోంచి విజిల్ జారింది. ఆ మడమలు, ఆ మోచేతులు, మలుపులో కొంచెం లోపలికి వంగడం, అన్నీ నేను ఏళ్ల తరబడి వెనక నుంచి చూసినవే. ఎవరి పిల్లవని అడగకుండానే తెలిసింది. పరీక్షలు చేయించాను. దానికీ తక్కువే వచ్చింది.

పోయిన వారం తల్లుల మీటింగ్ పెట్టాను. సరిత వచ్చింది. వెనక వరుసలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. నేను ఏటా చెప్పేదే చెప్పాను. షీటు పైకెత్తాను. ఇవి రక్తానికి, ఇంకెందుకూ కాదు అన్నాను. గోలీ నోట్లో వేసుకుని, నాకు గూడ తక్కువనే ఉంది అన్నాను. అందరూ నవ్వారు. సరిత నవ్వలేదు.

అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది. నేను దాన్ని సరితా అంటాను. అది నన్ను మేడం అంటుంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

"ఒక్కటడగాల్నా మేడం? అప్పుడు మన చిన్నప్పుడు గా పరీక్షల, మీకు గూడ తక్కువొచ్చిందా?"

అదే ప్రశ్న. తల్లి అడిగిందే కూతురు అడిగింది. మళ్లీ నా చేతిలో గోలీల షీటు ఉంది. ఈసారి దాచి కూడా లేదు. నానమ్మ లేదు. రిలే లేదు. దక్కించుకోవాల్సిన చోటు ఏదీ లేదు. భయపడడానికి పద్దెనిమిదేళ్లు కూడా కావు నావి.

"లేదు సరితా. నాకిది ఇప్పుడొచ్చింది, వయసుతోటి" అన్నాను.

ఆమె తల ఊపింది. "అంతేనా. ఏం లేదు మేడం, ఊకెనే అడిగిన. ఇంకొక్క పోరికన్న ఇచ్చిన్రని తెలిస్తె మా అమ్మ నన్ను నమ్ముతుండె" అంది. పిల్లను జాగ్రత్తగా చూసుకోమని చెప్పి, షీటు రుమాల్లో చుట్టుకుని బస్సు కోసం నడిచింది. రోడ్డు దాటుతూ మధ్యలో ఒకచోట ఆగి ఆయాసం తీర్చుకుంది. ఒకప్పుడు కంపెనీల వాసనను దాటిపోయిన మనిషి ఆమె.

ఇంతకాలం నేను నాకు చెప్పుకున్నది ఏమిటంటే, అది చిన్నతనం, ఇప్పుడైతే అలా చేయను అని. ఆ ఒక్క సాకు మిగిలి ఉండేది. పోయిన వారం అది కూడా పోయింది. ఇప్పుడు కూడా అదే చేశాను. అప్పుడు చోటు కోసం చేశాను, ఇప్పుడు పేరు కోసం. ఏటా అడగని తల్లులందరికీ గొంతెత్తి చెబుతాను, అడిగిన ఇద్దరికీ చెప్పలేదు. అంత మంది ముందు గోలీ మింగి చూపించే నేను ఎవరికి చూపిస్తున్నాను? ఆమెకు ఏమైనా తెలుసా? తెలిసే, నేనే చెప్పాలని అడిగిందా? లేక నిజంగానే ఊరికే అడిగిందా? ఈ వారం రోజులూ ఇదే ఆలోచన. ఏదైనా నా తప్పు తగ్గదు.

సరితకు చెబుతానా? మాటివ్వలేను. నా మాట ఎంతటిదో మీరిప్పటిదాకా చదివారు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ పని మీది కాదు. అడగాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు. ఇంకొకరు రోజూ పొద్దున కూతురికి అన్నం పెట్టి, తిన్నాక గోలీ వేయించి, బస్సెక్కించి నా దగ్గరికి పంపిస్తోంది. పిల్ల ఇప్పుడు చివరి రౌండులో కాళ్లు ఈడ్వడం లేదు.

ఒక్కటి మాత్రం ఇవాళ చేయగలను. కొట్టం దగ్గర కొంగు ముడి విప్పి ఆమె అడిగినదానికి జవాబు బాకీ ఉంది. నోటితో రాలేదు, రాసైనా చెబుతాను.

అవి రక్తం గోలీలు పెద్దమ్మా. నీ బిడ్డ చెప్పింది నిజమే. నాకు గూడ గివే ఇచ్చిన్రు. ఇగో, నా జేబుల్నే ఉన్నయి, సూడు.